నవంబర్ 25న హైదరాబాద్ చలి లెక్క: నగరం అంకెను మన పొలానికి ఎలా మార్చుకోవాలి?



కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చే ఈ రోజుల్లో ఏ ఊరి కూడలిలో కూర్చున్నా చలి గురించే మాట. ఒకరు "ఈసారి చలి ముందే పట్టుకుంది" అంటారు, ఇంకొకరు "ఏం చలి, దుప్పటి కూడా కప్పుకోవట్లేదు" అంటారు. ఇద్దరూ ఫోన్ తీసి హైదరాబాద్ ఉష్ణోగ్రత చూపిస్తారు. నారు పోయాలా ఆగాలా, శనగ ఇప్పుడు వేస్తే ఏమవుతుంది, జీవామృతం ఎన్ని రోజులకు తయారవుతుంది, ఇలాంటి నిర్ణయాలన్నీ ఆ ఒక్క అంకె మీద తీసుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

పైన వీడియోలో పొలంలో థర్మామీటర్ ఎలా కట్టాలో చూపించాం. వీడియోలో అంకెలు చెబితే వినేవాళ్లకు గుర్తుండవు. అందుకే ఆ లెక్కలు ఇక్కడ నిదానంగా రాస్తున్నా. ఉదాహరణకు ఒకే నగరం, ఒకే రోజు తీసుకుందాం: హైదరాబాద్, నవంబర్ 25. రంగారెడ్డి, వికారాబాద్, సంగారెడ్డి, మెదక్, యాదాద్రి వైపు రైతులకు ఇది నేరుగా పనికొస్తుంది. ఆదిలాబాద్, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం వాళ్లు ఇదే పద్ధతిలో మీ దగ్గరి కేంద్రం అంకెలతో చేసుకోవచ్చు.

ఆ అంకె ఎక్కడిది?

హైదరాబాద్ ఉష్ణోగ్రత అని మనం వినేది ఎక్కువగా బేగంపేటలో ఉన్న భారత వాతావరణ శాఖ కేంద్రం కొలిచేది. అక్కడ థర్మామీటర్‌ను గాలి ఆడే తెల్లటి చెక్క పెట్టెలో, నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున పెడతారు. దాని మీద ఎండ నేరుగా పడదు. తెల్లవారుజామున నమోదైన కనిష్ఠాన్ని ఉదయం 8.30కి, పగటి గరిష్ఠాన్ని సాయంత్రం 5.30కి చదువుతారు.

ఇక "సాధారణం" అనే మాట. వార్తల్లో "సాధారణం కన్నా 2 డిగ్రీలు తక్కువ" అంటారు కదా, ఆ సాధారణం అంటే 30 ఏళ్ల సగటు. 1981 నుంచి 2010 దాకా ఒక లెక్క, 1991 నుంచి 2020 దాకా ఇంకో లెక్క. పదేళ్లకోసారి ఈ కిటికీని ముందుకు జరుపుతారు. కాబట్టి నవంబర్ 25కి సాధారణం ఇంత అంటే, ప్రతి ఏటా ఆ రోజు అంతే ఉంటుందని కాదు. ముప్పై నవంబర్‌లు కలిపి తీసిన నడిమధ్య అంకె అది. నిజంగా ఆ అంకె దగ్గరే ఆగిన రోజులు తక్కువే ఉంటాయి.

పగలు కాదు, రాత్రిని చూడండి

హైదరాబాద్ నెలవారీ సగటులు అర డిగ్రీ అటూ ఇటూగా ఇలా ఉంటాయి:

- అక్టోబర్: పగలు దాదాపు 30, రాత్రి దాదాపు 20 డిగ్రీలు
- నవంబర్: పగలు దాదాపు 29, రాత్రి 16 నుంచి 17 మధ్య
- డిసెంబర్: పగలు దాదాపు 28, రాత్రి దాదాపు 14

పగటి వరస చూడండి. 30, 29, 28. రెండు నెలల్లో తగ్గింది రెండు డిగ్రీలే. రాత్రి వరస చూడండి. 20 నుంచి 14కి వచ్చింది, అంటే 6 డిగ్రీలు. పగటి కన్నా రాత్రి మూడు రెట్లు వేగంగా పడుతోంది. మధ్యాహ్నం చొక్కా తడిసేలా పని చేసి "ఇంకా ఎండలే ఉన్నాయి" అనుకుంటాం. కానీ మొక్క రాత్రంతా అదే పొలంలో నిలబడి ఉంటుంది.

ఈ పతనం కూడా అంతా ఒకే వేగంతో ఉండదు. అక్టోబర్ నడుమ నుంచి నవంబర్ నడుమకి మూడున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది, అంటే తొమ్మిది రోజులకు ఒక డిగ్రీ లెక్క. అక్కడి నుంచి డిసెంబర్ నడుమకి ఇంకో రెండున్నర, అంటే పన్నెండు రోజులకు ఒక డిగ్రీ. ఈ జారుడు మీద నవంబర్ 25 ఎక్కడ పడుతుంది? బేగంపేట రాత్రి సగటు 15, 16 మధ్య ఉండే చోట. ఇంకా దిగువకు జారాల్సింది ఒకటిన్నర, రెండు డిగ్రీలు ఉంది.

15 డిగ్రీలంటే ఏ పంటకూ ప్రమాదం కాదనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. దానికి ముందు రాత్రి ఎందుకు చల్లబడుతుందో అర్థం చేసుకుంటే మిగతాది సులువు.

ఆకాశం మూత తీస్తే

నైరుతి రుతుపవనం అక్టోబర్‌లో వెనక్కి వెళ్లిపోయాక మన మీదకు ఈశాన్యం నుంచి పొడి గాలి వస్తుంది. గాలిలో తేమ తగ్గుతుంది, మబ్బు విడిపోతుంది. పగలు నేల పట్టుకున్న వేడి రాత్రి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. మబ్బు, తేమ ఉంటే అవి మూతలా ఆ వేడిని కొంత వెనక్కి పంపుతాయి. మూత లేకపోతే నేల తెల్లవారేదాకా వేడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది.

పైగా నవంబర్ 25 నాటికి హైదరాబాద్‌లో పగలు 11 గంటలకు కాస్త పైన మాత్రమే. రాత్రి దాదాపు 13 గంటలు. వేడి సంపాదించే సమయం తగ్గింది, ఖర్చుపెట్టే సమయం పెరిగింది. అందుకే సూర్యోదయానికి కొంచెం ముందు, ఆరు గంటల ప్రాంతంలో అన్నిటికన్నా చల్లగా ఉంటుంది.

దీన్నిబట్టి మనం సాయంత్రమే ఒక అంచనా వేసుకోవచ్చు. ఆకాశం తేటగా ఉండి, గాలి పూర్తిగా ఆగిపోయి, చుక్కలు మెరుస్తూ కనిపిస్తే ఆ రాత్రి పొలం బాగా చల్లబడుతుంది. మబ్బు పట్టినా, గాలి వీస్తున్నా అంత పడదు.

ఒకే తేదీ, రెండు రకాల నవంబర్ 25లు

సగటు చుట్టూ ఎగుడుదిగుడు ఎందుకంటే, నవంబర్ ఆఖరు మనకు రెండు వాతావరణాలు పోటీపడే సమయం. ఒకవైపు ఉత్తరం నుంచి చలి గాలి. ఇంకోవైపు బంగాళాఖాతం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫానుల కాలం.

2013లో హెలెన్ తుఫాను నవంబర్ 22న మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. ఆరు రోజులకే, నవంబర్ 28న లెహర్ బలహీనపడి అదే మచిలీపట్నం దగ్గరకు వచ్చింది. 2020లో నివర్ సరిగ్గా నవంబర్ 25 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరాన్ని తాకింది. 2024లో ఫెంగల్ నవంబర్ 30న అదే వైపు దాటింది. 2023లో మిచౌంగ్ డిసెంబర్ 5న బాపట్ల దగ్గర దాటింది. తుఫాను తీరం దగ్గరే ఉన్నా దాని మబ్బు వందల కిలోమీటర్లు పరుచుకుంటుంది.

ఇప్పుడు రెండు రోజులు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు:

- మబ్బు రోజు: పగలు 26, రాత్రి 20. తేడా 6 డిగ్రీలే. సగటు 23.
- తేట రోజు: పగలు 28, రాత్రి 12. తేడా 16 డిగ్రీలు. సగటు 20.

మబ్బు రోజున మనకు చలిగా అనిపిస్తుంది, ఎందుకంటే పగలు ఎండ లేదు. కానీ రోజు మొత్తం మీద మొక్కకు దొరికిన వెచ్చదనం ఆ రోజే ఎక్కువ. తేట రోజున పగలు హాయిగా ఉంటుంది, మొక్క మాత్రం రాత్రి బిగుసుకుపోతుంది. ఒంటికి తెలిసే చలి వేరు, మొక్కకు తెలిసే చలి వేరు.

అన్నిటికన్నా తక్కువ రికార్డుల సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో అతి తక్కువగా నమోదైంది 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. ఇలాంటి అంకెలు పేపర్లో ఆసక్తిగా ఉంటాయి కానీ విత్తే తేదీ నిర్ణయించడానికి పనికిరావు. జీవితంలో ఒకసారి వచ్చే చలి కోసం ఏటా పంట ప్రణాళిక మార్చుకోం. సగటు కన్నా 3, 4 డిగ్రీలు కిందికి పడే మామూలు చలి రాత్రులకే మనం సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే అవి తరచుగా వస్తాయి.

నగరం అంకెలోంచి రెండు తీసివేతలు

ఇప్పుడు అసలు విషయం. బేగంపేట చుట్టూ సిమెంటు, తారు, భవనాలు. పగలు ఇవి వేడిని మింగి రాత్రంతా మెల్లగా వదులుతాయి. అందుకే నగరం నడుమ రాత్రి వెచ్చగా ఉంటుంది. చలికాలం వార్తల్లో గమనించండి, పటాన్‌చెరు, రాజేంద్రనగర్, హయత్‌నగర్ అంకెలు బేగంపేట కన్నా తక్కువగా కనిపిస్తుంటాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, హయత్‌నగర్‌లో క్రీడా పరిశోధన క్షేత్రం ఉన్నాయి. అక్కడ ఇంకా మట్టి, పంటలు, చెట్లు మిగిలి ఉన్నాయి కాబట్టి మన పొలాలకు అవి దగ్గర పోలిక.

మొదటి తీసివేత: నగరానికీ మన పొలానికీ ఉన్న తేడా. ఇది ఊరిని బట్టి మారుతుంది. వాగు పక్కన, చెరువు కింద, గుట్టల నడుమ పల్లంలో ఉన్న పొలం ఎక్కువ చల్లబడుతుంది. చల్లటి గాలి బరువు, అది నీళ్లలాగే పల్లానికి పారి నిలుస్తుంది. అదే ఊరిలో మెరక మీద ఉన్న పొలానికి అంత తేడా ఉండదు.

రెండో తీసివేత: నాలుగడుగుల ఎత్తుకీ నేలకీ ఉన్న తేడా. తేట రాత్రుల్లో నేల మట్టానికి దగ్గరగా గాలి ఇంకా చల్లగా ఉంటుంది, రెండు మూడు డిగ్రీల దాకా తేడా రావచ్చు. మామిడి చెట్టు కొమ్మ నాలుగడుగుల పైన ఉంటుంది, దానికి ఈ తీసివేత అక్కర్లేదు. కానీ నారుమడి, కొత్తగా మొలిచిన శనగ, కూరగాయల నర్సరీ ఉండేది మన చీలమండ ఎత్తులో.

లెక్క కలపండి. నగరంలో నవంబర్ 25 సగటు 15. మీ పొలం తేడా 3 అనుకుంటే 12. నేల మట్టం దగ్గర ఇంకో రెండు తీస్తే 10. ఫోన్‌లో 15 చూసి నిశ్చింతగా పడుకున్న రాత్రి మన నారు 10 డిగ్రీల్లో ఉండొచ్చన్నమాట. అదీ ఏ చలిగాలులూ లేని మామూలు రాత్రి.

చలిగాలుల హెచ్చరిక వచ్చినప్పుడు చూద్దాంలే అని ఆగడం కూడా సరిపోదు. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువకు దిగి, సాధారణం కన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితేనే వాతావరణ శాఖ చలిగాలులు అంటుంది. అది మనుషులకూ పంటలకూ కలిపి పెట్టుకున్న పెద్ద గీత. మన నారుమడికి ఇబ్బంది అంతకు ముందే మొదలవుతుంది.

మీ పొలం తేడా కనుక్కోవడం ఎలా?

1. గరిష్ఠం, కనిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి తెచ్చుకోండి. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది.
2. బావి షెడ్డు గోడకు, రేకుల కింద కట్టకండి. గోడ వేడి, రేకు వేడి రెండూ కలిసిపోతాయి. పొలం నడుమ కర్ర పాతి, నాలుగడుగుల ఎత్తున, ఎండ తగలకుండా పైన చిన్న నీడ కప్పు వేసి కట్టండి. చుట్టూ గాలి ఆడాలి.
3. రోజూ ఉదయం ఒకే సమయానికి కనిష్ఠం రాసుకోండి. పక్కనే అదే రోజు బేగంపేట కనిష్ఠం రాయండి. ఆకాశం తేటా, మబ్బా అన్నది కూడా ఒక ముక్క రాయండి.
4. పది తేట రాత్రులు రాసిన తర్వాత తేడాల సగటు తీయండి. అదే మీ పొలం తీసివేత. మబ్బు రాత్రులు దీంట్లో కలపకండి, ఆ రోజుల్లో నగరానికీ పొలానికీ తేడా తగ్గిపోతుంది.

మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల అంకెలు కూడా తెలంగాణలో రోజూ వస్తున్నాయి. మీ మండలం అంకె దొరికితే బేగంపేట బదులు అదే వాడండి, తీసివేత ఇంకా చిన్నదవుతుంది.

ఇప్పుడు పనుల్లోకి

*యాసంగి నారుమడి.* కనిష్ఠం 12 డిగ్రీల కన్నా తగ్గితే వరి నారు ఎదుగుదల ఆగి, ఆకు పసుపు, ఎరుపు తిరుగుతుంది. మొలక కూడా ఆలస్యమవుతుంది. మరి చలి పోయేదాకా ఆగుదామా అంటే, ఆలస్యంగా నాటిన వరి ఏప్రిల్‌లో వడగళ్ల నోట్లో పడుతుంది. కాబట్టి ఆగడం కాదు, కాపాడుకోవడం నేర్చుకోవాలి. విత్తనం నానబెట్టాక మండె కట్టేటప్పుడు గోనె సంచులు, గడ్డి కప్పి వెచ్చగా ఉంచండి. నారుమడిలో సాయంత్రం నీళ్లు తీసేసి ఉదయం కొత్త నీళ్లు పెట్టండి. బోరు నీళ్లు చలికాలం పొద్దున గోరువెచ్చగా తగులుతాయి కదా, భూమి లోపల ఉష్ణోగ్రత ఏడాదంతా పెద్దగా మారదు, అదే కారణం. ఆ వెచ్చదనం నారుకు ఉచితంగా దొరికే వైద్యం. బాగా చల్లటి రాత్రుల్లో కర్రలు పాతి, సంచులు కుట్టిన పట్టానో, పాలిథిన్ షీటో నారుకు తగలకుండా కప్పి, పొద్దున్నే తీసేయండి.

*శనగ.* తేదీ లెక్క బాగా పనిచేసే పంట ఇది. మన దగ్గర శనగకు అనువైన సమయం అక్టోబర్ నుంచి నవంబర్ మొదటి పక్షం దాకా. అక్టోబర్ 25న వేస్తే డిసెంబర్ మొదట్లో పూతకు వస్తుంది, గింజ నిండేది చలి రాత్రుల్లో. నవంబర్ 25న వేస్తే పూత జనవరి రెండో వారానికి, గింజ నిండేది ఫిబ్రవరిలోకి జరుగుతుంది. ఫిబ్రవరిలో హైదరాబాద్ పగటి సగటు దాదాపు 32, మార్చిలో 35. 35 దాటితే శనగలో కాయ కట్టడం దెబ్బతింటుంది, పైగా అప్పటికి నల్లరేగడిలో పదును కూడా అయిపోతుంది. శనగకు నవంబర్ చలి శత్రువు కాదు, ఫిబ్రవరి ఆఖరు ఎండ శత్రువు. ఇప్పటికీ వేయనివాళ్లు శనగ కోసం తొందరపడేకన్నా ఆ తడిలో వచ్చే ధనియాలు, ఆకుకూరలు లేదా నీటి వసతి ఉంటే కూరగాయలు ఆలోచించడం మేలు.

*జీవామృతం.* 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇది మనందరికీ వచ్చిన పాఠమే. "48 గంటలు" అని మనం బట్టీ పట్టింది వెచ్చటి రోజుల లెక్క. సూక్ష్మజీవుల పని 10 డిగ్రీలు తగ్గితే దాదాపు సగానికి పడిపోతుంది. ఎండాకాలం రోజు సగటు 32 ఉంటే, ఇప్పుడు 22. అంటే రెండు రోజుల పనికి మూడు, నాలుగు రోజులు పడుతుంది. తొందరపడి రెండో రోజే పారించకండి. డ్రమ్ము నీడలోనే ఉంచండి కానీ చలిగాలి తగలని చోట, పశువుల కొట్టం గోడ పక్కన పెట్టి గోనె సంచి కప్పండి. రాత్రంతా తొట్టిలో నిలిచిన నీళ్లు కాకుండా అప్పుడే తోడిన బోరు నీళ్లతో కలపండి. నురగ, వాసన చూసి సిద్ధమైందో లేదో తేల్చుకోండి.

*ఆచ్ఛాదన.* ప్రకృతి సేద్యంలో మల్చింగ్ వదలకూడదు, నిజమే. కానీ చలి రాత్రుల్లో అది రెండు పనులు చేస్తుంది. గడ్డి కింద మట్టిని వెచ్చగా, తడిగా ఉంచుతుంది, వేర్లకూ వానపాములకూ మంచిది. అదే గడ్డి, నేలలోని వేడి పైకి రాకుండా అడ్డుపడుతుంది. అంటే గడ్డి పైన ఉన్న గాలి, ఉత్త నేల పైన గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది. పెరిగిన మొక్కకు దీనివల్ల నష్టం లేదు. రెండాకుల దశలో ఉన్న టమాటా, వంగ, మిరప నారుకు మాత్రం మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదిలి గడ్డి పరవండి. మొక్క నిలదొక్కుకున్నాక దగ్గరికి జరపండి. ఇంకో మాట, తడి మట్టి పొడి మట్టి కన్నా పగలు ఎక్కువ వేడి దాచుకుంటుంది. తేట రాత్రి వస్తుందనిపిస్తే ముందు రోజు తేలికపాటి తడి ఇస్తే నేల దగ్గర చలి కాస్త తగ్గుతుంది.

*మామిడి.* దీనికి చలి కావాలి. ముదిరిన కొమ్మలకు కొన్ని వారాలపాటు చల్లటి రాత్రులు, 15 డిగ్రీల ప్రాంతంలో దొరికితే పూమొగ్గ తయారవుతుంది. నవంబర్ ఆఖర్లో మన దగ్గర సరిగ్గా ఆ గీత దగ్గరకు వస్తాం. ఈ సమయంలో తుఫాను మబ్బు వచ్చి వారం రోజులు రాత్రి 20 ఉంటే, పైగా వాన తడి తగిలితే, పూత బదులు కొత్త చిగురు వచ్చే ప్రమాదం ఉంది. మబ్బును ఆపలేం, తడిని ఆపగలం. మామిడిలో అంతర పంట కూరగాయలు వేసినవాళ్లు చెట్టు పాదుల్లోకి నీళ్లు పోకుండా చూసుకోండి.

*కూరగాయలు, కోత తేదీలు.* టమాటా లాంటి పంట ఎదుగుదల 10 డిగ్రీలకు పైన దొరికిన వెచ్చదనాన్ని బట్టి నడుస్తుందని ఒక లెక్క ఉంది. పగలు 29, రాత్రి 16 అయితే సగటు 22.5. అందులోంచి 10 తీస్తే రోజుకు 12.5 పాయింట్లు. పగలు 28, రాత్రి 12 అయితే రోజుకు 10 పాయింట్లు. మొదటి పొలంలో పది రోజుల్లో వచ్చే 125 పాయింట్లకు రెండో పొలంలో పన్నెండున్నర రోజులు పడుతుంది. నెల రోజులకు వారం తేడా. వారం వారం బుట్టలు ఇచ్చే మిత్రులు, సంతకు, అపార్ట్‌మెంట్లకు ముందే మాట ఇచ్చేవాళ్లు ఈ వారాన్ని లెక్కలో పెట్టుకోకపోతే మాట పోతుంది. రాత్రి 13 డిగ్రీల కన్నా తగ్గితే టమాటాలో పిందె కట్టడం కూడా తగ్గుతుంది, పల్లపు పొలం వాళ్లు గుర్తుంచుకోండి.

*పురుగు.* మబ్బు పట్టి రాత్రి వెచ్చగా ఉన్న రోజుల్లో శనగపచ్చ పురుగు మీద కన్నేసి ఉంచండి. ఎకరానికి నాలుగైదు లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి కర్రలు, అంచున ధనియాలు ముందే ఉంటే మబ్బు వచ్చాక పరుగెత్తక్కర్లేదు. కషాయాలు ఏవైనా ఉదయం మంచు ఆరిన తర్వాతో, సాయంత్రమో కొట్టండి. ఆకు మీద మంచు ఉండగా కొడితే పలచబడి కారిపోతుంది.

తేదీ కాదు, గీత పెట్టుకోండి

"నవంబర్ 25 దాటితే నారు పోయాలి", "కార్తీక పౌర్ణమికి ఇది చేయాలి" అని పెద్దలు చెప్పిన తేదీలు ఊరికే వచ్చినవి కావు. వాళ్ల కాలపు సగటు చలి ఆ తేదీల్లో దాగి ఉంది. వాళ్లు థర్మామీటర్ లేకుండానే ముప్పై ఏళ్ల సగటు ఒంట్లో నింపుకున్నారు. కానీ చుట్టూ నగరం పెరిగింది, చెరువులు, చెట్లు తగ్గాయి, తుఫాను ఏ వారం వస్తుందో చెప్పలేం. అందుకని తేదీని కేవలం గంటలాగా వాడుకోండి. నవంబర్ 25 వచ్చిందంటే, థర్మామీటర్ చూడడం మొదలుపెట్టాలని గుర్తు. పని మాత్రం గీతను బట్టి చేయండి.

మన పొలానికి మూడు గీతలు గోడ మీద సుద్దతో రాసుకుంటే చాలు:

- 15: మామిడి పూతకు మంచి కాలం, పాదులకు నీళ్లు వద్దు. జీవామృతానికి ఒకటి రెండు రోజులు కలపాలి.
- 13: టమాటా పిందె తగ్గుతుంది, కోత మాటలు వారం వెనక్కి.
- 12: నారుమడి కప్పాలి, సాయంత్రం నీళ్లు తీయాలి.

ఇవన్నీ మీ పొలం థర్మామీటర్ అంకెలు, ఫోన్ అంకెలు కావు. ఫోన్ అంకె మాత్రమే ఉన్న రోజున మీ తీసివేత చేసి చూసుకోండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటిదాకా ఇంకా మూడు నెలలు ఉన్నాయి. ఈ వారం థర్మామీటర్ కట్టి పది తేట రాత్రులు రాసినవాళ్లకు డిసెంబర్, జనవరి చలి వచ్చేసరికి తమ పొలం లెక్క చేతిలో ఉంటుంది. మీ ఊరు, మండలం, పొలం పల్లమా మెరకా, బేగంపేటకీ మీకూ తేడా ఎంత వచ్చిందో వీడియో కింద రాయండి. వాటన్నిటినీ కలిపి, ఏ వైపు పొలాలు ఎంత చల్లబడుతున్నాయో సంక్రాంతి తర్వాత ఇంకో వీడియోలో చూపిద్దాం.